ఇద్దరికీ కొత్త ఇల్లు

కూచిపూడి కథ ఒక ప్రయాణంతో మొదలవుతుంది. భార్య కోసం బయల్దేరి భార్య దాకా చేరని ప్రయాణం అది. సిద్ధేంద్రుడికి పసితనంలోనే పెళ్లయింది. చదువు ముగిసి వయసొచ్చాక పిల్లను కాపురానికి తెచ్చుకుందామని అత్తవారి ఊరికి బయల్దేరాడు. దారిలో కృష్ణ. ఏరు దాటుతుండగా వరద ముంచుకొచ్చింది. ప్రాణం దక్కితే సన్యాసం పుచ్చుకుంటానని నడి ఏట్లో మొక్కుకున్నాడు. వరద తీసింది, ప్రాణం దక్కింది. కాపురం మాత్రం ఆ నీళ్లలోనే పోయింది. ఒడ్డెక్కిన మనిషి యోగి అయ్యాడు, భామాకలాపం రాశాడు, దాన్ని కూచిపూడి భాగవతుల ఇళ్ల మగపిల్లలకు నేర్పాడు. ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి తీరాలని మాట తీసుకున్నాడు. ఊళ్లో ఏ అరుగు మీద కూర్చుని అడిగినా ఈ కథే చెబుతారు.

అవతలి ఒడ్డున కూడా ఒక ఇల్లుంది కదా, నా మనసెప్పుడూ అక్కడికే పోతుంది. అల్లుడు వస్తున్నాడని కబురందిన ఇల్లు. గడపకు పసుపు రాసి, పిండివంటలు చేసి, సారె సర్ది పెట్టుకున్న ఇల్లు. నేను విన్న కథల్లో ఆ పిల్లకు పేరు లేదు. వరద తీశాక ఆమె ఏమైందో కథ చెప్పదు. కానీ యోగి ఆమెను మరిచిపోలేదని నేను నమ్ముతాను. మరిచిపోయినవాడు భామాకలాపం రాయలేడు. మొగుడు ఇంకా రాలేదేమని సత్యభామ చెలికత్తె మాధవి దగ్గర మొరపెట్టుకోవడం, ఆయన పేరేమిటో చెప్పమంటే సిగ్గుతో మాట రాకపోవడం, చివరికి అభిమానమంతా పక్కన పెట్టి ఉత్తరం రాయడం, ఇవన్నీ తాను చేరలేకపోయిన ఇంటి లోపల ఏం జరిగి ఉంటుందో జన్మంతా తలుచుకున్న మనిషికే తెలుస్తాయి.

ఈ మార్గశిరంలో నేనూ మా ఆయనా భిలాయ్ నుంచి కూచిపూడికి కాపురం మార్చాం. సామాను లారీలో పోయింది. మేము కారులో, బస్తర్ అడవుల్లోంచి, భద్రాచలం మీదుగా, ఆగి ఆగి వచ్చాం. రైలెక్కితే హాయిగా దిగేవాళ్లమని పిల్లలు పోరారు. ఈసారి ఇంటికి వెళ్లే దారంతా ఇద్దరం కళ్లారా చూస్తూ వెళ్లాలని నాకుంది. ఎందుకో చెప్పాలంటే నా మొదటి ప్రయాణం సంగతి చెప్పాలి.

నాది తెనాలి పక్క పల్లె. ఆయనది పలాస దగ్గర. పెళ్లినాటికే ఆయన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. సోవియట్ సాయంతో కట్టిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటినుంచీ ఉత్తరాంధ్ర పల్లెలనుంచి మనుషులు అక్కడికి పోతూనే ఉన్నారు. కాపురానికి నన్ను మా మరిది తీసుకెళ్లాడు. విజయనగరంలో బండి మారి, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ దాటి దుర్గ్‌లో దిగాం. ఒడిలో చలిమిడి, పక్కన సారె బుట్ట, కిటికీలోంచి ఏ ఊరి పేరూ చదవలేని చీకటి.

నేను అడుగుపెట్టేసరికి ఆ క్వార్టరుకు అలవాట్లు వచ్చేసి ఉన్నాయి. ఏ కిటికీ రెక్క సరిగా పడదో, కుళాయి ఎన్నింటికొస్తుందో, ఉప్పు ఎక్కడుండాలో, పాలు ఎవరి దగ్గర పోయించుకోవాలో, పక్కింటి సర్దార్జీవాళ్లతో ఎలా మసలుకోవాలో అన్నీ ముందే ఖాయమై ఉన్నాయి. వంటింటి అరలు ఆయన చేతి ఎత్తున సర్దుకుని ఉన్నాయి. ఆయన మంచివారు. ప్రతిదీ ఓపిగ్గా చూపించారు. ఆ చూపించడమే నా బాధ. చూపించేవాళ్లది ఇల్లు, చూసేవాళ్లు చుట్టాలు. ఎన్నేళ్లు కాపురం చేసినా, ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టి పెరిగినా, కొత్తగా ఏదైనా వస్తువు కొంటే “ఇది ఎక్కడ పెట్టనండీ” అని అడిగే అలవాటు నాకు పోలేదు. ఆయన ఎప్పుడూ నన్ను అడగమనలేదు. ఇల్లు ముందొచ్చినవాళ్ల మాట వింటుంది, అంతే.

మన ఆడపిల్లలందరి కథా దాదాపు ఇదే. అప్పగింతలనాడు పిల్ల ఏడుస్తుంటే పుట్టింటిని వదిలిపోతున్న దిగులనుకుంటాం. నిజమే. కానీ దానికింద ఇంకో భయం ఉంటుంది. తాను వెళ్తున్న ఇంట్లో ప్రతి మూలా ఎవరో ఒకరికి ముందే తెలుసు, తనకొక్కదానికే తెలియదు. ఇల్లరికం వెళ్లిన అల్లుడి బాధా ఇదే, కాకపోతే అల్లుడి బాధకు సామెతలున్నాయి. మామగారు పోయాక మా అత్తగారు మా దగ్గరికొచ్చి ఉన్నప్పుడు, తొలి నెలలో మజ్జిగ గ్లాసు కోసం కూడా నన్నడిగేవారు. అంతటి మనిషి, ఊరందరినీ అదిలించిన మనిషి, నా వంటింటి గుమ్మంలో నిలబడి “గ్లాసు తీసుకోవచ్చునేమే” అనడం విని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ రోజు నేను ముందొచ్చినదాన్ని, ఆవిడ తర్వాతొచ్చారు.

రిటైరయ్యాక ఎక్కడుందామన్న మాట వచ్చినప్పుడు పలాస అన్నారు కొందరు, తెనాలి అన్నారు మా అన్నయ్యలు. పలాస అయితే నేను మళ్లీ కోడల్ని. తెనాలి అయితే ఆయన మళ్లీ అల్లుడు. ఇద్దరికీ కొత్తదైన ఊరు కావాలన్నాను. కూచిపూడి పేరు నా నోటే వచ్చింది. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసిన జ్ఞాపకం ఒకటి. విజయవాడకు 60 కిలోమీటర్ల లోపే ఉండడం, ఆసుపత్రులు అందుబాటులో ఉండడం, కాలువ నీళ్లు ఉండడం రెండోది. ఆయన ఒక్క మాటా ఎదురాడలేదు. ఇల్లు ఖాయం చేసింది కూడా ఫోటోలు చూసి, తెలిసినవాళ్ల మాట మీదే. ఇద్దరిలో ఎవరమూ ముందుగా వెళ్లి చూడలేదు. ఆ ఒక్కటీ నేను పట్టుబట్టి సాధించుకున్నాను.

ధనుర్మాసం పెట్టేలోపు గృహప్రవేశం కావాలి, పెడితే సంక్రాంతి దాకా ఆగాల్సిందే. అందుకే చలి ముదురుతున్న రోజుల్లో బయల్దేరాం. వెనక సీటులో తులసి కుండీ, దేవుడి పటం, నా కాళ్ల దగ్గర ఆవకాయ జాడీ. జాడీని లారీవాళ్ల చేతికివ్వడానికి నాకు మనసొప్పలేదు. వాసెన విప్పి కొత్త గుడ్డతో మళ్లీ గట్టిగా కట్టి, చుట్టూ పాత దుప్పటి చుట్టి, రెండు పాదాల మధ్య ఇరికించుకున్నాను. ప్రతి గతుకు దగ్గరా మా ఆయన కాస్త నెమ్మదించి జాడీ వైపు ఒక చూపు చూసేవారు.

రాయపూర్‌లో మేమెక్కిన రోడ్డు 30వ నంబరు జాతీయ రహదారి. ఎక్కడో ఉత్తరాఖండ్ అంచున సితార్‌గంజ్‌లో పుట్టి, బరేలీ, లక్నో, ప్రయాగ, జబల్పూర్ దాటుకుంటూ దాదాపు 2,000 కిలోమీటర్లు దిగొచ్చి, విజయవాడ పొలిమేరలో ఇబ్రహీంపట్నం దగ్గర ఆగిపోతుంది. హిమాలయాల కింద పుట్టిన దారికి కృష్ణ ఒడ్డు ఆఖరి మజిలీ కావడం నాకెందుకో ఎంతో నచ్చింది. ధమ్‌తరి దాకా రెండు వైపులా వరి కుప్పలు. ప్రభుత్వం ధాన్యం కొనే రోజులు కావడంతో బస్తాలు వేసుకున్న ట్రాక్టర్లు రోడ్డంతా వాటిదే అన్నట్టు పోతున్నాయి. భిలాయ్‌లో అన్నేళ్లున్నా ఆ దారిలో ధమ్‌తరి దాటి ఆయన ఎప్పుడూ రాలేదు. నేనూ రాలేదు.

కాంకేర్‌లో పడుకుని తెల్లవారుజామునే కేశ్‌కాల్ ఘాటీ ఎక్కాం. అక్కడ మంచు కమ్మేసింది. మామూలు మంచు కాదు, కారు ముందు దీపాలు వెలిగిస్తే వెలుతురంతా మన మొహాన్నే కొట్టే మంచు. ఘాటీ నిండా మలుపులు. కిందికి దిగే ఇనప ఖనిజం లారీలు ఎదురుగా వస్తున్నాయి, హారన్ వినపడుతుంది గానీ ఏ వైపునుంచో అంతుపట్టదు. ఆయన అద్దం దించమన్నారు. తల బయటపెట్టి రోడ్డు ఎడమ అంచున తెల్లగీత చూస్తూ చెప్పడం నా పని. “గీత ఉంది. ఉంది. ఇంకా ఉంది. ఆగండాగండి, కుడికి తిరుగుతోంది.” ఆయన చేతిలో చక్రం, నా నోట్లో దారి. చలికి చెవులు మొద్దుబారాయి, పెదాలు కదలడం కష్టమైంది. ఒక్క క్షణం మాట ఆపితే కారు ఆగిపోతోంది. నేను “ఉంది” అంటేనే చక్రం కదులుతోంది.

మా కాపురంలో అంతకు ముందు ఎప్పుడూ ఆయన నా మాట మీద అడుగేయలేదని కాదు. వేశారు. కానీ అప్పుడంతా తనకు తెలిసిన చోట నిలబడి నా మాట విన్నారు. ఘాటీలో ఆయనకూ తెలియదు. నాకూ తెలియదు. ఆ తెలియకపోవడంలో మేము సమానం. ఇద్దరం కలిసి చూస్తే తప్ప దారి కనపడని చోటు, పెళ్లయిన ఇన్నాళ్లకు మాకు దొరికింది. మలుపు మలుపుకీ నాకు భయం తగ్గుతూ వచ్చింది. తేలిన్ మాత గుడి దగ్గర లారీ డ్రైవర్లంతా ఆగి కొబ్బరికాయలు కొడుతుంటే మేమూ ఆగాం. టీ గ్లాసు నా చేతిలో పెట్టి ఆయన నా చెవులు రెండూ అరచేతుల్తో మూసి కాసేపు అలాగే నిలబడ్డారు. పదిమందిలో అలా ఎన్నడూ చేయని మనిషి.

ఆ ఘాటీకి ఇంకో విశేషం ఉంది. ఉత్తరం వైపు పడిన వాన మహానదిలోకి పోతుంది. దక్షిణం వైపు పడింది ఇంద్రావతిలో కలిసి గోదావరికి వస్తుంది. కేశ్‌కాల్ దాటామంటే గోదావరి ఇంట్లోకి వచ్చినట్టే. జగదల్‌పూర్‌లో ఇంద్రావతి వంతెన మీద ఆయన కారు నెమ్మదిగా పోనిచ్చి, “ఈ నీళ్లు మనకన్నా ముందే అటు పోతాయోయ్” అన్నారు. నిజానికి ఈ మాటలో ఆయన అనుకున్నదానికన్నా ఎక్కువ నిజం ఉంది, దాని సంగతి తర్వాత.

జగదల్‌పూర్ దాటాక దర్భా, సుక్మా, దోర్నపాల్. అక్కడక్కడా కేంద్ర బలగాల క్యాంపులు, ముళ్లకంచెలు, ఇసుక బస్తాలు. పగటిపూటే దాటాలని అందరూ చెప్పారు, అలాగే దాటాం. ఈ దారిలో అడవి అందం గురించి రాయబుద్ధి కావడం లేదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక, అటు వాళ్లకూ ఇటు వాళ్లకూ మధ్య నలిగిపోయిన ఊళ్లనుంచి వేలమంది ఆదివాసులు ఈ అడవులగుండానే నడిచి చింతూరు, భద్రాచలం, ఖమ్మం వైపు వచ్చేశారు. మనవాళ్లు వాళ్లను గొత్తికోయలంటారు. వాళ్లలోనూ మొగుడూ పెళ్లాలున్నారు. నెత్తిన కుండ, చంకలో పిల్ల, ఇద్దరికీ తెలియని చోటికే వచ్చారు. నరికిన చోట గుడిసె వేసుకుంటే అటవీశాఖ ఊరుకోదు, కాగితం లేనిదే రేషన్ రాదు, వెనక్కి పోదామంటే ఊరు లేదు. తమంత తాముగా ఎంచుకుని కొత్త చోటికి వెళ్లేవాళ్ల ప్రయాణమూ, తరిమితే వచ్చినవాళ్ల ప్రయాణమూ ఒకే రోడ్డు మీద జరిగినంత మాత్రాన ఒకటి కాదు. నా సంతోషం గురించి రాస్తున్న ఈ కాగితం మీద వాళ్ల మాట రాయకుండా ఉంటే తప్పు. మిరప కోతలకు దిగొచ్చే జంటలు ఈ దారిలో ఇప్పటికీ ప్రతి ఏడూ కనపడతారు.

శబరి ఒడ్డున కుంట. ఛత్తీస్‌గఢ్ ఆఖరి ఊరు, కానీ సంతలో సగం బేరాలు తెలుగులోనే. అది దాటి చింతూరులో టీ కొట్టు దగ్గర ఆగితే, కొట్టామె కారు లోపలికి తొంగిచూసి, తులసి కుండీని చూసి, “ఇల్లు మారుతున్నరామ్మా? ఏడికి?” అంది. ఆ పలకరింపుతో ప్రాణం లేచొచ్చింది. పాలు తక్కువేసి పంచదార ఎక్కువేసిన టీ ఇచ్చి, డబ్బులు తీసుకుని, తులసికి మాత్రం చెంబుతో తనే నీళ్లు పోసింది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రలో కలిపాక చింతూరు ఆంధ్ర అయింది, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. అందుకని ఈ దారిన వచ్చేవాళ్లు ఆంధ్రలోకి రెండుసార్లు వస్తారు, కుంట దాటాక ఒకసారి, తిరువూరు ముందు మళ్లీ ఒకసారి.

భద్రాచలంలో రాముడు ఒంటరిగా ఉండడు. ఎడమ తొడ మీద సీతమ్మ ఉంటుంది. అరణ్యంలో నడిచిన జంటకు ఆ ఊళ్లో అలా కూర్చునే చోటు దొరికింది. అయోధ్యలో ఉండమంటే ఉండకుండా బయల్దేరిన ఇల్లాలు ఆమె. ఆ ఊరికి కాస్త దూరంలోనే పర్ణశాల. లక్ష్మణుడు వేసిన ఆ కుటీరం రాముడికీ కొత్తే, సీతకూ కొత్తే. వనవాసాన్ని మనం కష్టకాలంగానే తలుచుకుంటాం. మారీచుడు వచ్చేదాకా అక్కడ ఆమెకు ఏది ఎక్కడ ఉందో ఒకరు చూపించాల్సిన పని లేదన్న సంగతి కూడా తలుచుకోవాలని నాకుంది.

గుడి కట్టించిన గోపన్నను గోల్కొండ చెరలో పెట్టించిన తానీషాయే, భాగవతుల ఆట చూసి మెచ్చి కూచిపూడిని వాళ్లకు అగ్రహారంగా రాసిచ్చాడని మా కొత్త ఊరివాళ్ల నమ్మకం. ఒక చేత్తో ఒక భక్తుణ్ణి 12 ఏళ్లు బంధించాడనీ, ఇంకో చేత్తో ఒక ఊరి ఆటను బతికించాడనీ చెప్పుకునే ఆ సుల్తాను, చివరికి 1687లో ఔరంగజేబుకు గోల్కొండను పోగొట్టుకుని దౌలతాబాద్ కోటలో బందీగానే పోయాడు. గోపన్న చెరలో ఉన్నన్నాళ్లూ ఇంటి దగ్గర ఆయన భార్య కమలమ్మ ఎలా గడిపిందో ఎవరైనా ఒక కలాపం రాసి ఉండాల్సింది. గుడి మెట్లు దిగుతూ ఆ మాటే అంటే, “నువ్వు రాయి” అన్నారాయన. అంత తేలిగ్గా అనేశారు.

గోదావరి వంతెన దాటాక పాల్వంచ, కొత్తగూడెం, పెనుబల్లి చకచకా వెనకపడ్డాయి. తిరువూరు దాటితే మైలవరం చుట్టూ మామిడి తోటలు. ఇబ్రహీంపట్నం చేరాక 30వ నంబరు రోడ్డు అయిపోయింది. ఇంద్రావతి మీద ఆయనన్న మాట ఇక్కడ తేలుతుంది. 2015 నుంచీ వరద రోజుల్లో పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్లను ఎత్తి, కాలువలో పంపి, ఈ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరే కృష్ణలో కలుపుతున్నారు. కేశ్‌కాల్ దక్షిణాన పడిన వాన ఇంద్రావతిగా, సుక్మా పక్కన పారే శబరిగా గోదావరిలో కలిసి, మేము వచ్చిన చోటికే మాకన్నా చాలా ముందు వచ్చేసింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ నీళ్లే కాలువల్లోకి మళ్లి డెల్టా మడులన్నీ తడుపుతాయి. 1850లలో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో ఈ బ్యారేజీ 1957లో వచ్చింది. అంత దూరంనుంచి వచ్చిన నీళ్లకు కూడా ఇక్కడ దారి చూపించడానికి మనుషులు కావలసి వచ్చింది.

బెజవాడ దాటి బందరు రోడ్డెక్కాక కంకిపాడు, వుయ్యూరు, పామర్రు. వుయ్యూరు దగ్గర చెరకు బళ్లు, బెల్లం వాసన. పామర్రులో కుడికి తిరిగాం. అక్కడినుంచి రోడ్డు సగం ధాన్యానిది, సగం మనది. కోత మిషన్లతో కోసిన వడ్లను తారు మీద ఆరబోసి, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. చెక్కపలకతో ధాన్యం తిరగేస్తున్న ఒకాయన మమ్మల్ని ఆపి, “బాబాయిగారూ, ఆ చివర రాయికి కాస్త ఎడంగా పోనివ్వండి, నిన్న ఎవరో తొక్కించి పోయారు” అన్నాడు. మా ఆయన తొక్కించలేదు.

చేలవైపు చూస్తే కోసిన వరి మోళ్ల మధ్య చిన్న చిన్న ఆకులు. మినుము. ఈ ప్రాంతంలో వరి కోయకముందే, పైరు ఇంకా నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారు. వరికి పెట్టిన తడి ఆరకముందు విత్తు మొలకెత్తాలి. ఆ తర్వాత దానికి నీళ్లు పెట్టే పని పెద్దగా ఉండదు, నేలలో మిగిలిన చెమ్మ, రాత్రిళ్లు కురిసే మంచు దానికి చాలు. కారు ఆపి దిగి ఒక మొక్క దగ్గర వంగి చూశాను. రెండాకులు, వాటి నూగు మీద నీటి చుక్కలు. పక్కనే కోసిన వరి మోడు, లోపల ఇంకా పచ్చిగా. ఒక పంట వెళ్లకముందే రెండోది వచ్చి చోటు చేసుకోవడం ఇక్కడి నేలకు అలవాటు. భిలాయ్‌లో మా పెరటి మట్టికి ఎంత చాకిరీ చేసినా ఇలాంటి గుణం రాలేదు.

కూచిపూడిలో భాగవతుల వీధి చూడాలని ఎన్నాళ్లుగానో అనుకున్నాను. ఇక్కడి మేళాలు బళ్ల మీద ఊరూరా తిరిగేవి. మగవాళ్లే స్త్రీ పాత్రలు కట్టేవారు, నెలల తరబడి ఇల్లు పట్టేవారు కాదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనకనుంచి సత్యభామ జడ తెర మీదుగా వచ్చి పడేది, తనను మించినవాళ్లెవరైనా ఉంటే రమ్మని సవాలుగా. ఏదో ఊరి నడివీధిలో కాగడాల వెలుగున ఒక మగవాడు మొగుడి కోసం అల్లాడే భార్యగా ఆడుతుంటే, ఆ రాత్రే ఈ వీధిలో అతని భార్య నిజంగా ఎదురుచూస్తూ ఉండేది. ఆమెకు వేషం లేదు, తెర లేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారిలాంటివాళ్లు ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టి, 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఈ ఆటను ఆడవాళ్ల దగ్గరికి తెచ్చేదాకా ఆమె అరుగు మీదే ఉండిపోయింది.

అయినా యోగి పెట్టిన నియమం మామూలుది కాదు. ప్రతి మగవాడూ ఒక్కసారైనా ఇంట్లో ఉండిపోయినవాళ్ల చోట నిలబడి చూడాలి. కాలికి గజ్జె కట్టి, జడ వేసుకుని, మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడి, ఉత్తరానికి జవాబు కోసం ఎదురుచూసి చూడాలి. అంతటి శిక్షణ మన ఇళ్లలో మగపిల్లలకు ఇంకెక్కడా లేదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు 2012లో కన్నుమూసేదాకా ఆ భామ ఆయనలో బతికింది. మా నాన్న భుజాల మీదనుంచి చూసినప్పుడు ఆయన మగవాడని నేను నమ్మలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు అందం కన్నా ఆ ఓర్పు గుర్తొస్తోంది. తనది కాని చోట నిలబడి, అది తనదే అయినట్టు ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ముహూర్తానికి అందుకున్నాం. ముందుగా ఆవును తిప్పారు. ఆయన దేవుడి పటం పట్టుకున్నారు, నేను దీపం పట్టుకున్నాను. పురోహితుడు కుడికాలు ముందు పెట్టమన్నాడు. ఇద్దరం పెట్టాం. లోపల మాకోసం ఎవరూ లేరు. ఏ స్విచ్చి వేస్తే ఏ దీపం వెలుగుతుందో ఇద్దరికీ తెలియదు. వంటింట్లోది నొక్కితే వసారాలో వెలిగింది, ఆయన అక్కడినుంచి “ఇక్కడ వెలిగిందోయ్” అని కేకేశారు. పాలు పొంగించాం. పొయ్యి తూర్పు వైపు ఎక్కడ పెట్టాలని పురోహితుడు అడిగితే ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను, చివరికి ఇద్దరం ఆ మూలకు నడిచి కిటికీ గాలి ఎటొస్తుందో చూసుకున్నాం. మొదటి రాత్రి నీళ్ల మోటారు ఎక్కడుందో తెలియక పక్కింటి పిన్నిగారిని అడగడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడ మాకు చింతకాయ పచ్చడి పెట్టి, రామలింగేశ్వరస్వామి గుడికి దగ్గర దారి చెప్పి, మోటారు మీటలో ఉన్న తంటా చెప్పి పంపారు.

నిన్న వడ్రంగి వచ్చాడు. వంటింట్లో అరలు కొట్టాలి. గోడ దగ్గర టేపు సాగదీసి, చెవి మీదనుంచి పెన్సిలు తీసి, “పై అర ఎంత ఎత్తున పెట్టమంటారండీ?” అని ఆయన్నడిగాడు. ఆయన నన్ను పిలిచి, గోడకు ఆనుకుని నిలబడి చెయ్యెత్తమన్నారు. మడమలు లేపకుండా ఎత్తమన్నారు. నా వేళ్ల కొసల కింద వడ్రంగి గీత గీశాడు. ఆ గీత ఆయనకు చెయ్యి పూర్తిగా చాపకుండానే అందుతోంది, అయినా గీత మార్చమనలేదు. తర్వాత కర్ర సంగతి వచ్చింది. టేకు అంటే ఇప్పటి ధరలకు చాలా అవుతుందనీ, వేపకర్ర ఎండినది తన దగ్గర ఉందనీ, చెద పట్టదనీ వడ్రంగి అంటున్నాడు. ఆయన టేకే అంటున్నారు. నేను వేప అంటున్నాను. ఇంకా తేలలేదు.